నూటనలభై అయిదు డాలర్ల ఎన్నిక

ఎన్నికల ఖర్చుల పట్టికలు చదవడం ఎవరికీ ఉత్సాహం కలిగించే పని కాదు. కాని 1982లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం నుంచి సెనేటుకు గెలుపొందిన అభ్యర్థి సమర్పించిన లెక్క చూసి చాలామంది ఆశ్చర్యపోయారు. ఆయన ప్రచారానికయిన మొత్తం వ్యయం సుమారు 145 డాలర్లు. అది కూడా ఆయన సొంత జేబులోనిదే. అందులో కొంత నామినేషన్ పత్రాల దాఖలుకు సంబంధించిన చిల్లర ఖర్చు. మిగిలినది తపాలా ఖర్చు. ఆ తపాలా ఓట్లు అడగడానికి కాదు. తాను అడగకపోయినా అభిమానులు పంపిన విరాళాలను తిరిగి వారి చిరునామాలకు చేర్చడానికి.

అదే సంవత్సరం, పొరుగునే ఉన్న మిన్నెసోటా రాష్ట్రంలో సెనేటుకు పోటీచేసిన మార్క్ డేటన్ అనే సంపన్న యువకుడు సుమారు 70 లక్షల డాలర్లు వెచ్చించారు. అందులో అత్యధిక భాగం ఆయన సొంత ధనమే. ఆయన ఓడిపోయారు.

నూటనలభై అయిదు డాలర్లతో గెలిచిన ఆ మనిషి పేరు విలియం ప్రాక్స్‌మైర్. 1957 ఆగస్టు మొదలు 1989 జనవరి వరకు, అంటే ముప్పయి ఒక్క సంవత్సరాలకు పైగా, ఆయన అమెరికన్ సెనేటులో సభ్యుడు. ఎవరి వద్దా పైసా పుచ్చుకోని శాసనకర్త అయితే ఏమేమి చేయగలడు, ఏ పనులకు పూనుకోగలడు అన్న ప్రశ్నకు ఆయన జీవితం కొంత సమాధానం చెబుతుంది. ఆ సమాధానంలో మెచ్చుకోవలసిన అంశాలతోపాటు ఆలోచించవలసిన అంశాలు కూడా ఉన్నాయి.

మూడు ఓటముల తరువాత

అమెరికన్ సెనేటుకు మన రాజ్యసభతో కొంత పోలిక ఉంది. రెండూ రాష్ట్రాలకు ప్రాతినిధ్యం వహించే సభలే. రెండింటిలోనూ సభ్యుల పదవీకాలం ఆరేళ్ళే. కాని రాజ్యసభ సభ్యులను శాసనసభ్యులు ఎన్నుకుంటారు. సెనేటర్లను 1913లో వచ్చిన రాజ్యాంగ సవరణ దరిమిలా ప్రజలే నేరుగా ఎన్నుకుంటున్నారు. చిన్నదయినా పెద్దదయినా ప్రతి రాష్ట్రానికీ ఇద్దరే సెనేటర్లు. కనుక ఒక సెనేటరు తన రాష్ట్రమంతటా ఓట్లు అడగాలి. రేడియో, టెలివిజన్ ప్రకటనలు లేనిదే అంతమందికి తన పేరు తెలియజెప్పడం దుర్లభమని అభ్యర్థులందరి నమ్మకం. ఆ ప్రకటనలకే ధనం నీళ్ళవలె ఖర్చవుతుంది.

ప్రాక్స్‌మైర్ 1915 నవంబరు 11న షికాగో నగర సమీపంలోని లేక్ ఫారెస్ట్‌లో ఒక వైద్యుని ఇంట జన్మించారు. యేల్, హార్వర్డ్ విశ్వవిద్యాలయాలలో చదివారు. ప్రఖ్యాతమైన మోర్గన్ సంస్థలో కొంతకాలం ఉద్యోగం చేశారు. యుద్ధకాలంలో సైన్యంలో పనిచేశారు. బ్యాంకుల ప్రపంచంలోనే స్థిరపడి ఉంటే ఆయన జీవితం సుఖంగా గడిచిపోయేది. కాని 1949లో ఆయన విస్కాన్సిన్ రాష్ట్ర రాజధాని మాడిసన్ చేరి పత్రికా విలేఖరి అయ్యారు. మరుసటి సంవత్సరమే రాష్ట్ర శాసనసభకు ఎన్నికయ్యారు.

ఆ తరువాత వరుసగా అపజయాలు. 1952లోను, 1954లోను, 1956లోను గవర్నరు పదవికి పోటీచేసి మూడుసార్లూ ఓడిపోయారు. 1957 మే నెలలో సెనేటరు జోసెఫ్ మెకార్తీ మరణించారు. కమ్యూనిస్టుల వేట పేరిట దేశాన్ని అట్టుడికించిన మనిషి ఆయన. ఖాళీ అయిన ఆ స్థానానికి జరిగిన ఉప ఎన్నికలో ప్రాక్స్‌మైర్ తిరిగి నిలిచారు. ప్రత్యర్థి, గవర్నరు ఎన్నికలలో తనను రెండుసార్లు ఓడించిన వాల్టర్ కోలర్. మూడుసార్లు ఓడినవాడని ప్రత్యర్థి పక్షం ఎత్తిపొడవగా, ప్రాక్స్‌మైర్ ఆ ఎత్తిపొడుపునే ఆయుధంగా మార్చుకున్నారు. బతుకులో ఎన్నడూ ఏ విషయంలోనూ ఓడిపోనివారు తన ప్రత్యర్థికి ఓటు వేయవచ్చుననీ, ఎప్పుడయినా ఏదయినా పోగొట్టుకున్నవారి ఓట్లు తనకు చాలుననీ ఆయన చెప్పారు. ఓటమి ఎరుగని మనిషి ఏ ఊళ్ళో ఉంటాడు? ఆయన గెలిచారు.

చేతులు కలిపిన మనిషి

తొలి ఎన్నికలలో ప్రాక్స్‌మైర్ కూడా అందరివలెనే విరాళాలు స్వీకరించారు. ధనం అవసరం లేకుండా చేసుకోవడానికి ఆయనకు ఇంచుమించు ఇరవయ్యేళ్ళు పట్టింది. అందుకు ఆయన ఎంచుకున్న మార్గం పాతకాలపుది. వారాంతాలలో వాషింగ్టన్ నుంచి విస్కాన్సిన్ వచ్చి, తెల్లవారుజామున కర్మాగారాల గేట్ల వద్ద, ఆటస్థలాల ద్వారాల వద్ద, సంతలలోను, తిరునాళ్ళలోను నిలబడి, వచ్చేపోయే ప్రతివారికీ చేయి కలిపి తన పేరు చెప్పుకునేవారు. ఎముకలు కొరికే చలిలో కూడా ఆ పని మానలేదు. ఎన్నికలున్న సంవత్సరమే కాక లేని సంవత్సరాలలో కూడా అదే పద్ధతి. కొన్నేళ్ళకు ఆ రాష్ట్రంలో ఆయన చేయి తగలని కుటుంబాలు తక్కువే అనిపించుకున్నారు.

వాషింగ్టన్‌లో ఆయన దినచర్య కూడా అటువంటిదే. ఇంటినుంచి సభాభవనానికి సుమారు అయిదు మైళ్ళు పరుగెత్తుకుంటూ వెళ్ళేవారు. 1966 ఏప్రిల్ నుంచి 1988 అక్టోబరు వరకు సభలో పేరు పిలిచి జరిపిన ఓటింగుల్లో ఒక్కదానికి కూడా ఆయన గైర్హాజరు కాలేదు. ఆ ఓట్ల సంఖ్య 10,252.

1976 ఎన్నిక వచ్చేసరికి విరాళాలు పూర్తిగా మానివేశారు. ఆ ఏడాది కూడా ఖర్చు రెండు వందల డాలర్లకు లోపే. నూటికి 72 ఓట్లు ఆయనకే పడ్డాయి. 1982లో నూటికి 64 వచ్చాయి.

ఆ సంవత్సరాలలోనే అమెరికాలో ఎన్నికల ధనానికి సంబంధించిన నియమాలు మారాయి. వాటర్‌గేట్ కుంభకోణం దరిమిలా 1974లో చేసిన చట్టం ఒక వ్యక్తి ఒక అభ్యర్థికి ఒక ఎన్నికలో వేయి డాలర్లకు మించి ఇవ్వరాదని కట్టడి చేసింది. కంపెనీలు, కార్మిక సంఘాలు, వృత్తి సంఘాలు ఏర్పరచే రాజకీయ కార్యాచరణ సంఘాలు అయిదు వేల డాలర్ల వరకు ఇవ్వవచ్చునని కూడా అనుమతించింది. మొత్తం వ్యయానికి సైతం గరిష్ఠ పరిమితి విధించింది గాని, ఆ పరిమితి భావప్రకటనా స్వేచ్ఛకు భంగకరమంటూ 1976 జనవరిలో సుప్రీంకోర్టు దానిని కొట్టివేసింది. ఫలితంగా పుచ్చుకోవడానికి హద్దు మిగిలింది. ఖర్చుపెట్టడానికి హద్దు లేకుండా పోయింది. ఖర్చు పెరిగేకొద్దీ అభ్యర్థులు మరింతమంది దాతలను వెతుక్కోవలసివచ్చింది. 1974 చివర 608 ఉన్న కార్యాచరణ సంఘాల సంఖ్య 1985 నాటికి నాలుగు వేలకు చేరింది.

చాలామంది సెనేటర్లు ఆరేళ్ళ పదవీకాలంలో ఎంతోభాగం దాతలతో టెలిఫోను సంభాషణల్లోను, విందుల్లోను గడపడం అలవాటు చేసుకున్నది ఈ మార్పుల వల్లనే. ప్రాక్స్‌మైర్‌కు ఆ కాలం మిగిలింది. ఆ కాలాన్ని ఆయన దేనికి వినియోగించారన్నదే ముఖ్యమైన విషయం.

వడ్డీ ఎంతో చెప్పండి

ఆయన సేవచేసిన ప్రధాన రంగం బ్యాంకింగు. 1975 నుంచి 1981 వరకు, తిరిగి 1987 నుంచి పదవీ విరమణ వరకు, సెనేటు బ్యాంకింగు సంఘానికి ఆయన అధ్యక్షుడు. ఎన్నికల విరాళాలు కోరేవారికి అంతకంటె అనువైన పీఠం మరొకటి ఉండదు. దేశంలోని బ్యాంకులు, గృహరుణ సంస్థలు, షేరుమార్కెటు కంపెనీలు అన్నీ ఆ సంఘం తలుపు తట్టవలసినవే. ఆ తలుపు వద్ద ఆయన ఏనాడూ పళ్ళెం పట్టుకుని నిలబడలేదు.

అధ్యక్షుడు కాకముందే ఆయన చేయించిన చట్టం ఒకటి మన పాఠకులకు సులభంగా బోధపడుతుంది. మన పల్లెల్లో అప్పు ఇచ్చేవారు నూటికి రెండు రూపాయల వడ్డీ అంటారు. నెలకు రెండు రూపాయలు కనుక సంవత్సరానికి ఇరవై నాలుగు అని అప్పు తీసుకునే వ్యక్తికి తెలుసు. ఆ రోజుల్లో అమెరికాలో ఆ మాత్రం కూడా తెలిసేది కాదు. వాయిదాల మీద కారో, రిఫ్రిజరేటరో అమ్మేవారు నెలకు ఇన్ని డాలర్లంటూ చెప్పి ఊరుకునేవారు. ఒకరు లెక్కించే తీరుకూ మరొకరు లెక్కించే తీరుకూ పొంతన ఉండేది కాదు. అసలు వడ్డీ సంవత్సరానికి ఎంత పడుతున్నదో కొన్నవానికి తెలిసే మార్గం లేదు. ఇలినాయ్ సెనేటరు పాల్ డగ్లస్ 1960 నుంచి ఈ అన్యాయం మీద పోరాడి, బిల్లు గట్టెక్కకముందే 1966 ఎన్నికలో ఓడిపోయారు. ఆయన విడిచిన పనిని ప్రాక్స్‌మైర్ చేతికెత్తుకున్నారు. రుణానికి సంబంధించిన మొత్తం ఖర్చును, వార్షిక వడ్డీ శాతాన్ని అందరూ ఒకే పద్ధతిలో లెక్కకట్టి, అప్పు పుచ్చుకునేవారికి ముందుగా తెలియజేయాలన్న చట్టం 1968 మే నెలలో అమలులోకి వచ్చే ఆమోదం పొందింది.

1970లో మరొక చట్టం. పౌరుల అప్పుల చరిత్రను సేకరించి వ్యాపారులకు అమ్ముకునే సంస్థలు ఆ రోజుల్లో ఎవరికీ జవాబుదారీ కావు. వారి కాగితాల్లో ఒక తప్పు దొర్లితే ఉద్యోగమో, ఇంటి అప్పో పోయేది. కారణం తెలిసేది కాదు. ఆ కాగితాల్లో ఏమున్నదో తెలుసుకునే హక్కునూ, తప్పును సరిదిద్దించుకునే హక్కునూ ఆ చట్టం పౌరునికి కల్పించింది.

1977లో వచ్చిన మరొకటి నగరాల పేదవాడలకు సంబంధించినది. నీగ్రో జాతివారు అని అప్పట్లో పిలువబడిన నల్లజాతి ప్రజలు నివసించే పేటల చుట్టూ పటంలో ఎర్రగీత గీసి, ఆ గీత లోపలివారికి ఇంటి అప్పులు నిరాకరించే ఆచారం చిరకాలం సాగింది. ఆ పేటల ప్రజలు దాచుకున్న సొమ్మును మాత్రం బ్యాంకులు స్వీకరించేవి. ఏ ప్రాంతంలో డిపాజిట్లు సేకరిస్తారో ఆ ప్రాంతపు రుణ అవసరాలు కూడా తీర్చే బాధ్యత బ్యాంకులకు ఉన్నదని ఆ చట్టం ప్రకటించింది. అదే ఏడాది డిసెంబరులో, ఇతర దేశాల అధికారులకు అమెరికన్ కంపెనీలు లంచాలివ్వడాన్ని నేరంగా పరిగణించే చట్టం కూడా వచ్చింది. దానికి ముందు నాలుగు వందలకు పైగా కంపెనీలు ప్రశ్నించదగిన చెల్లింపులు చేసినట్లు తామే ఒప్పుకున్నాయి.

ఈ నాలుగు చట్టాల్లో ఏ ఒక్కటీ ధనవంతుడయిన దాతను సంతోషపెట్టేది కాదు.

రక్షణశాఖ కాంట్రాక్టుల విషయంలో కూడా ఆయన ధోరణి అదే. 1968 నవంబరులో, వైమానికదళపు సివిల్ ఉద్యోగి ఎర్నెస్ట్ ఫిట్జెరాల్డ్, ప్రాక్స్‌మైర్ అధ్యక్షత వహించిన ఉపసంఘం ఎదుట సాక్ష్యమిస్తూ, సీ-5ఏ అనే భారీ రవాణా విమానాల ఖర్చు అంచనాకంటె సుమారు రెండు వందల కోట్ల డాలర్లు మించిపోనున్నదన్న మాట నిజమేనని చెప్పారు. నిజం చెప్పినందుకు ఆయన ఉద్యోగమే రద్దయింది. ఏళ్ళ తరబడి న్యాయపోరాటం సలిపి 1982లో గాని ఆయన పాత హోదా తిరిగి పొందలేకపోయారు. ధ్వనికంటె వేగంగా ఎగిరే ప్రయాణీకుల విమానానికి ప్రభుత్వధనం ఇవ్వరాదని ప్రాక్స్‌మైర్ చాలా ఏళ్ళు వాదించారు. 1971 మార్చిలో సెనేటు 51–46 ఓట్లతో ఆ పథకాన్ని తిరస్కరించింది.

బంగారు ఉన్ని

సామాన్య ప్రజలకు ప్రాక్స్‌మైర్ పేరు ఈ చట్టాలవల్ల తెలియలేదు. ఒక వింత బహుమతివల్ల తెలిసింది. 1975 మార్చి నుంచి నెలనెలా ఆయన 'బంగారు ఉన్ని' అనే బహుమతి ప్రకటించేవారు. ప్రజాధనాన్ని అతి హాస్యాస్పదంగా దుబారా చేసిన ప్రభుత్వశాఖకు ఆ 'గౌరవం' దక్కేది. గొర్రె ఉన్నికి ఇంగ్లీషులో వాడే మాటకే మనుషులను దోచుకోవడమనే అర్థం కూడా ఉంది. మన భాషలో క్షవరం అన్న మాటకు రెండర్థాలు ఉన్నట్లే.

మనుషులు ఎందుకు ప్రేమలో పడతారన్న పరిశోధనకు 84 వేల డాలర్లు ఇచ్చిన జాతీయ విజ్ఞాన ప్రతిష్ఠానం మొదటి బహుమతి గెలుచుకుంది. శిక్షణ పొందుతున్న విమాన పరిచారికల శరీర కొలతలు సేకరించడానికి 57,800 డాలర్లు వెచ్చించిన విమానయాన శాఖకు మరొకటి. ఒక రకం సాసును ఎలా కొనవలెనో తెలిపే సూచనలు రాయించడానికి ఆరు వేల డాలర్లు ఖర్చుచేసిన సైన్యానికి ఇంకొకటి. పద్నాలుగు సంవత్సరాలలో మొత్తం 168 బహుమతులు. పత్రికలు ఎదురుచూచి ప్రచురించేవి. జనం నవ్వుకునేవారు.

కాని ఆ నవ్వులో అన్యాయం కూడా ఉంది. శాస్త్ర పరిశోధనల పేర్లు వింటే పామరునికి హాస్యంగా తోచవచ్చు; వాటి విలువ తేలడానికి కాలం పడుతుంది. కోతుల దౌర్జన్య ప్రవృత్తిని పరిశీలించిన రోనాల్డ్ హచిన్‌సన్ అనే శాస్త్రవేత్త, తనను నవ్వులపాలు చేశారంటూ ప్రాక్స్‌మైర్ మీద పరువునష్టం దావా వేశారు. సభలో పలికిన మాటకు రాజ్యాంగ రక్షణ ఉన్నది గాని, సభ వెలుపల పంచిపెట్టే పత్రికా ప్రకటనకూ, ఓటర్లకు పంపే సమాచార లేఖలకూ ఆ రక్షణ వర్తించదని 1979లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. వ్యవహారం చివరకు రాజీతో ముగిసింది. ప్రాక్స్‌మైర్ తన సొమ్ములోనుంచి పదివేల డాలర్లు చెల్లించి, తన ప్రకటనలోని పొరపాట్లను సరిదిద్దుకున్నారు. ఆయన తరఫు న్యాయవాదుల ఖర్చు, లక్షా ఇరవై వేల డాలర్లకు పైగా, సెనేటు భరించింది. దుబారాను వెక్కిరించిన మనిషి వాదనకు ప్రజల సొమ్మే ఖర్చయింది.

ఇతర గ్రహాలపై బుద్ధిజీవులున్నారేమోనని ఆకాశంలోని రేడియో సంకేతాల కోసం వెదికే పథకాన్ని కూడా ఆయన 1978లో వెక్కిరించారు. 1981లో దాని నిధులు ఆపించారు. ఖగోళ శాస్త్రవేత్త కార్ల్ సేగన్ స్వయంగా వచ్చి నచ్చజెప్పగా తన వ్యతిరేకతను విరమించుకున్నారు. అదే 1981లో ప్రభుత్వ రుణ పరిమితి పెంపును వ్యతిరేకిస్తూ ఒక రాత్రంతా, పదహారు గంటల పైచిలుకు, సభలో ఒక్కరే నిలబడి ప్రసంగించారు. ఆ రాత్రి సభాభవనాన్ని తెరిచి ఉంచడానికి వేలాది డాలర్ల ప్రజాధనం ఖర్చయిందని విమర్శకులు ఎత్తిచూపారు. ఇతర పద్దులన్నింటినీ కోయమనే ప్రాక్స్‌మైర్, పాడి పరిశ్రమకు ప్రభుత్వమిచ్చే మద్దతు ధరలకు మాత్రం అనుకూలంగా ఓటు వేసేవారన్న విమర్శ కూడా ఉంది. విస్కాన్సిన్ పాలకూ జున్నుకూ పేరుపొందిన రాష్ట్రం. దాతల ఒత్తిడినుంచి తప్పించుకున్నవాడు ఓటర్ల ఒత్తిడినుంచి తప్పించుకోలేదు.

ఎవరూ ధనమివ్వని పని

ఇక ఆయన జీవితంలో అన్నింటికంటె గొప్ప పని. దానిని గురించి ఆ రోజుల్లో పట్టించుకున్నవారు బహుస్వల్పం.

ఒక జాతిని, ఒక మతవర్గాన్ని సమూలంగా నిర్మూలించడానికి పూనుకోవడాన్ని అంతర్జాతీయ నేరంగా ప్రకటించే ఒడంబడికను 1948 డిసెంబరు 9న ఐక్యరాజ్యసమితి ఆమోదించింది. దీనికి నాందిగా 1946లో సమితి చేసిన తీర్మానాన్ని ప్రతిపాదించిన మూడు దేశాలలో భారతదేశం ఒకటి. మిగిలినవి క్యూబా, పనామా. మన దేశం 1959లో ఒడంబడికను ధ్రువీకరించింది. అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ 1949లోనే దానిని సెనేటు ఆమోదానికి పంపారు. అంతర్జాతీయ ఒడంబడికలకు సెనేటులో మూడింట రెండు వంతుల ఓట్లు కావాలి. నల్లవారిపై జరుగుతున్న అత్యాచారాలను ఇతర దేశాలు ఈ ఒడంబడిక కింద ప్రశ్నిస్తాయేమోనని దక్షిణాది సెనేటర్లకు భయం. అమెరికన్ సార్వభౌమత్వం పోతుందని మరికొందరి వాదం. దేశంలోని న్యాయవాదుల సంఘం కూడా 1976 వరకు వ్యతిరేకించింది. కాగితం సెనేటు బల్లసొరుగులోనే ఉండిపోయింది.

1967 జనవరి 11న ప్రాక్స్‌మైర్ సభలో లేచి నిలబడి, ఈ జాప్యం దేశానికి సిగ్గుచేటని అన్నారు. ఇకమీదట సభ జరిగే ప్రతిరోజూ ఈ విషయం మీద మాట్లాడతానని ప్రకటించారు. మాట నిలబెట్టుకున్నారు. రోజుకొక ప్రసంగం. బయాఫ్రాలో జనం ఆకలితో చనిపోతున్నప్పుడు బయాఫ్రా గురించి, 1971లో తూర్పు బెంగాలులో మారణహోమం సాగినప్పుడు ఆ బెంగాలీల గురించి, కంబోడియాలో పోల్ పాట్ పాలన వచ్చినప్పుడు ఆ ప్రజల గురించి ఆయన ఆ కొద్ది నిమిషాల్లో చెప్పేవారు. వినేవారు తరచు ఇద్దరో ముగ్గురో. 1974లో బిల్లు చర్చకు వచ్చింది గాని, చర్చను ముగించడానికి చాలినన్ని ఓట్లు లభించక వెనక్కుపోయింది. మరునాడు ఆయన మళ్ళీ లేచి మాట్లాడారు.

ఇటువంటి పనికి ఏ దాత ధనమిస్తాడు? ఏ వ్యాపారానికి దీనివల్ల లాభం? విస్కాన్సిన్ పాడిరైతుకు దీనివల్ల ఒరిగేదేమిటి? ఓట్లు గాని, విరాళాలు గాని తెచ్చిపెట్టని పనికి పందొమ్మిదేళ్ళు ప్రతిరోజూ సమయం కేటాయించాలంటే, ఆ సమయాన్ని మరెవరూ కొనుక్కొని ఉండకూడదు. విరాళాలు మానుకోవడంవల్ల ప్రాక్స్‌మైర్‌కు కలిగిన ముఖ్య ప్రయోజనం ఇదే.

1985 మేలో అధ్యక్షుడు రేగన్ జర్మనీలోని బిట్‌బర్గ్ శ్మశానవాటికను సందర్శించారు. అక్కడ హిట్లరు ఎస్సెస్ దళ సైనికుల సమాధులు కూడా ఉన్నాయి. ఆ సందర్శన మీద రేగిన ఆగ్రహాన్ని చల్లార్చవలసిన అవసరం ప్రభుత్వానికి ఏర్పడింది. అంతవరకు మందకొడిగా నడచిన ఒడంబడిక వ్యవహారం వేగం పుంజుకుంది. 1986 ఫిబ్రవరి 19న సెనేటు 83–11 ఓట్లతో ఆమోదముద్ర వేసింది. అప్పటికి ప్రాక్స్‌మైర్ చేసిన ప్రసంగాలు 3,211.

ఆ విజయం కూడా సంపూర్ణం కాదు. అమెరికా సమ్మతి లేనిదే ఆ దేశం మీద అంతర్జాతీయ న్యాయస్థానంలో వ్యాజ్యం నడవరాదన్న షరతును ప్రత్యర్థులు చేర్పించారు. ఒడంబడికను అమలుపరచే దేశీయ చట్టం మీద 1988 నవంబరు 4న రేగన్ సంతకం చేశారు. ఆ చట్టానికి ప్రాక్స్‌మైర్ పేరే పెట్టారు. ఆయన సెనేటు నుంచి నిష్క్రమించడానికి అప్పటికి మిగిలినవి రెండు నెలలే.

అందరికీ సాధ్యమా?

ప్రాక్స్‌మైర్ మార్గం ఆదర్శప్రాయమని మెచ్చుకోవడం తేలిక. అనుసరించడం అంత తేలిక కాదు. ఆయనను ఎరిగిన ఓటర్లు లక్షలాది మంది. ప్రతినెలా బంగారు ఉన్ని బహుమతి ఆయన పేరును పత్రికల మొదటి పుటలకు ఎక్కించేది. డబ్బుపెట్టి కొనవలసిన ప్రచారం ఆయనకు ఉచితంగా లభించేది. నిన్నటివరకు ఎవరికీ తెలియని కొత్త అభ్యర్థి నూటనలభై అయిదు డాలర్లతో రంగంలోకి దిగితే ఆయన పేరు పక్క వీధి దాటదు. 1957లో ప్రాక్స్‌మైర్‌కు కూడా అది సాధ్యపడలేదు. విరాళాలను తృణీకరించే శక్తి ఆయనకు ఇరవయ్యేళ్ళ పరిచయంవల్ల వచ్చింది.

ఆయన వారసుని ఉదాహరణ ఈ సంగతిని మరింత స్పష్టం చేస్తుంది. 1988లో ఆ స్థానానికి ఎన్నికయిన హెర్బ్ కోల్ పెద్ద దుకాణాల యజమానుల కుటుంబానికి చెందిన కోటీశ్వరుడు. తాను ఎవరికీ కాక ఓటర్లకే సెనేటరునని చాటుకుని, లక్షలాది డాలర్ల సొంత ధనంతో గెలిచారు. 2013 వరకు ఆ పదవిలో ఉన్నారు. ప్రాక్స్‌మైర్ చెప్పినదీ కోల్ చెప్పినదీ ఒకే మాట: నేను ఎవరికీ రుణపడి లేను. ఒకరు ఆ స్వేచ్ఛను కాలినడకన సంపాదించారు. మరొకరి ఇంట అది ముందే ఉంది. కాలం గాని, కలిమి గాని లేని సామాన్యుని సంగతేమిటి? 2010లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో కంపెనీలు, సంఘాలు అభ్యర్థులతో సంబంధం లేకుండా విడిగా ఎంతయినా ఖర్చుచేసే వీలు కలిగింది. అభ్యర్థి తాను స్వయంగా పైసా పుచ్చుకోకపోయినా, ఆయన పేరిట, ఆయనకు వ్యతిరేకంగా కోట్లు కుమ్మరించేవారిని ఆపలేని పరిస్థితి ఏర్పడింది.

ఈ సమస్య మనకు కొత్త కాదు. మన దేశంలో అభ్యర్థి వ్యయానికి చట్టం పరిమితి విధించింది. పెద్ద రాష్ట్రాల్లో లోక్‌సభ అభ్యర్థికి 2022లో దానిని 95 లక్షల రూపాయలుగా నిర్ణయించారు. పార్టీలు చేసే ఖర్చుకు అటువంటి పరిమితి విధించలేదు. దాతల పేర్లు బయటపడకుండా పార్టీలకు ధనమందించే ఎన్నికల బాండ్ల పథకం రాజ్యాంగవిరుద్ధమని 2024 ఫిబ్రవరి 15న మన సుప్రీంకోర్టు ప్రకటించింది. ఓటరుకు తెలుసుకునే హక్కు ఉన్నదన్నదే ఆ తీర్పుకు మూలం. 1968లో ప్రాక్స్‌మైర్ అప్పు తీసుకునేవాని కోసం కోరినది కూడా అదే: చెల్లించవలసిన ధర ఎంతో ముందుగా చెప్పండి.

పదవీ విరమణ తరువాత ప్రాక్స్‌మైర్‌కు కాంగ్రెసు గ్రంథాలయంలో ఒక చిన్న గది ఇచ్చారు. కొన్నేళ్ళు అక్కడికి వచ్చి పనిచేసుకునేవారు. ఆ తరువాత జ్ఞాపకశక్తిని హరించే ఆల్‌జైమర్స్ వ్యాధి ఆయనను ఆవరించింది. 2005 డిసెంబరు 15న, తొంభయ్యో ఏట, మేరీలాండ్ రాష్ట్రంలో కన్నుమూశారు. సభ జరిగిన ప్రతిరోజూ లేచి గుర్తుచేసిన మనిషికి చివరి దినాల్లో ఆ ప్రసంగాలేవీ గుర్తులేకపోయి ఉండవచ్చు. సెనేటు కార్యక్రమాల ముద్రిత సంపుటాలలో మాత్రం ఆ 3,211 ప్రసంగాలూ తేదీలవారీగా భద్రంగా ఉన్నాయి. వాటిలో ఏ ఒక్కదానికీ ఎవరూ ధర చెల్లించలేదు.